వియన్నాలో సాఖర్ టోర్టె: వీపున సంచితో వెళ్లేవారికి

ఆస్ట్రియా రాజధాని వియన్నా వెళ్లి, అక్కడి ప్రసిద్ధ చాక్లెట్ కేకు సాఖర్ టోర్టె తిని, "ఇంతేనా, పొడిపొడిగా ఉంది" అని పెదవి విరిచి వచ్చినవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లు చెప్పేది శ్రద్ధగా వింటే ఆ కేకు ఎందుకు నచ్చలేదో అర్థమవుతుంది. బరువు సంచిని కాళ్ల దగ్గర ఇరికించుకుని, మధ్యాహ్నం వేళ గంటసేపు వరుసలో నిలబడి, విసుగుతో కూర్చుని, పక్కన పెట్టిన క్రీమ్‌లో తీపి లేదని దాన్ని వదిలేసి, ఫొటో తీసుకుని లేచి వచ్చారు. ఆ పద్ధతిలో తింటే ఏ కేకైనా అంతే.

నేను విజయవాడలో ఇంట్లోనే కేకులు చేసి ఆర్డర్ల మీద ఇస్తాను. ఈ కేకు కోసమే సంచి తగిలించుకుని ఆ ఊరు వెళ్లాను. నా అభిప్రాయం గట్టిది: సాఖర్ టోర్టె నడిచి అలిసినవాళ్లు తీరిగ్గా కూర్చుని తినవలసిన కేకు. అందుకే ఊరు తిరగడం ఒకచోట, కేకు తినడం ఒకచోట పెట్టి చెప్పను. ఎటు నడిస్తే ఎక్కడ కూర్చుంటారో, కూర్చున్నాక ఏం చేయాలో వరుసగా చెబుతాను.

బయలుదేరే ముందు

ఆస్ట్రియా షెంగెన్ దేశం, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమిలోనిది. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి వీసా కావాలి. పెద్దలకు వీసా రుసుము 90 యూరోలు, వీసా కేంద్రం సేవా రుసుము దానికి అదనం. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. వేసవికి వెళ్లాలంటే అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం కాబట్టి సంక్రాంతి దాటగానే ఆ పని మొదలుపెట్టండి. రెండు మూడు దేశాలు తిరిగే ఆలోచన ఉంటే, ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి.

సంచి బరువు మీ శరీర బరువులో పదో వంతు దాటకుండా చూసుకోండి. పాత ఊరి నడిబొడ్డున చాలా వీధులకు రాళ్లు పరిచి ఉంటాయి, చక్రాల పెట్టెకన్నా వీపు సంచే హాయి. దానిలోనే మడిచి పెట్టుకునే చిన్న గుడ్డసంచి ఒకటి, నీళ్ల సీసా ఒకటి ఉండాలి. ఆవకాయ, కందిపొడి నిశ్చింతగా తీసుకెళ్లవచ్చు. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకురావడాన్ని ఐరోపా సమాఖ్య అనుమతించదు. అమ్మ ఎంత బతిమాలినా నెయ్యి డబ్బా ఇంట్లోనే ఉంచండి.

ఏ నెలలో వెళ్లాలి? ఎండా చలీ రెండూ ఇబ్బంది పెట్టని నెలలు మే, సెప్టెంబర్. కేకు మీద ప్రేమతో వెళ్లేవారికి మాత్రం నేను జులై అంటాను, ఆ కారణం కాసేపటికి చెబుతాను.

దిగాక

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి రెండు రైళ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. ఆకుపచ్చ రంగు ప్రకటనలతో పిలిచే ఎక్స్‌ప్రెస్ 16 నిమిషాల్లో వీన్ మిట్టె స్టేషన్‌కు చేరుస్తుంది. ఎస్7 అనే మామూలు రైలు అదే స్టేషన్‌కు సుమారు 25 నిమిషాల్లో చేరుస్తుంది. ధరలో తేడా చాలా ఎక్కువ. ఆ తొమ్మిది నిమిషాల కోసం అంత డబ్బు పెట్టకండి, ఒక ముక్క కేకుకు సరిపడే డబ్బు మిగులుతుంది. ఎస్7 ఎక్కేటప్పుడు ఊరి టికెట్టుతో పాటు ఊరి బయటి భాగానికి అదనపు టికెట్టు కావాలి. యంత్రంలో వీన్ (వియన్నాకు జర్మన్ పేరు) అని ఎంచుకుంటే రెండూ కలిపి ఇస్తుంది.

ఊళ్లో మెట్రో, ట్రాము, బస్సు అన్నిటికీ ఒకే టికెట్టు. 24 గంటలకు, 7 రోజులకు విడిగా దొరుకుతాయి. స్టేషన్లలో అడ్డు గేట్లు ఉండవు, ఎవరూ అడగరు. కాగితం టికెట్టు కొన్నవారు మెట్లు దిగేచోట ఉన్న నీలం పెట్టెలో దాన్ని పెట్టి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని టికెట్టు టికెట్టే కాదు. తనిఖీవాళ్లు మామూలు దుస్తుల్లోనే వస్తారు, జరిమానా వంద యూరోలు దాటుతుంది.

బస విషయంలో ఒక్క మాట. పాత ఊరి నడుమ బస ఖరీదైనది, అవసరమూ లేదు. వెస్ట్‌బాన్‌హోఫ్, హౌప్ట్‌బాన్‌హోఫ్ స్టేషన్ల పరిసరాల్లో, నాష్‌మార్క్ట్ అనే ఆరుబయటి బజారు పక్కన మంచి హాస్టళ్లు ఉన్నాయి. వంటగది ఉన్నదే ఎంచుకోండి. ఉదయం ఇంత పెరుగన్నం తిని బయలుదేరితే రోజుకు ఒక పూట ఖర్చు తగ్గుతుంది, ఆ పూట డబ్బును నిండు మనసుతో కేకు మీద పెట్టవచ్చు. గది ఇచ్చే వేళ కాకముందే చేరితే పెద్ద సంచిని హాస్టల్లోనో స్టేషన్ లాకర్లోనో పెట్టేయండి. దాన్ని మోసుకుని కాఫీహౌస్‌లోకి వెళ్లవద్దు. బల్లల మధ్య సందులు ఇరుకు, వెయిటర్లు ట్రేలతో తిరుగుతుంటారు.

ఆదివారం గురించి ముందే తెలుసుకోండి. ఆ రోజు సూపర్ మార్కెట్లు, దుకాణాలు దాదాపు అన్నీ మూసి ఉంటాయి. పెద్ద రైల్వే స్టేషన్లలోని కొట్లు మాత్రం తెరుస్తారు. శనివారం సాయంత్రానికే పాలు, పెరుగు, రొట్టె, పళ్లు తెచ్చిపెట్టుకోండి. కాఫీహౌస్‌లు, మ్యూజియంలు ఆదివారమూ తెరిచే ఉంటాయి.

నీళ్లు కొనవద్దు. ఇది ఖర్చు తగ్గించడం కోసం మాత్రమే చెప్పడం లేదు. వియన్నా కుళాయి నీరు ఆల్ప్స్ పర్వతాల ఊటల నుంచి వస్తుంది. మొదటి కాలువ 1873లో, రెండోది 1910లో పూర్తయ్యాయి. వీధుల్లో, పార్కుల్లో తాగునీటి కుళాయిలు బోలెడు. కాఫీతో పాటు చిన్న గ్లాసులో వచ్చే నీరు కూడా అదే. చల్లగా, ఏ వాసనా లేకుండా ఉండే ఆ నీళ్లు కేకు తినేటప్పుడు ఎంత ఉపయోగపడతాయో అక్కడ కూర్చున్నాక తెలుస్తుంది.

మొదటి ఉదయం: రింగ్ చుట్టూ నడక, ఆపైన సాఖర్

ఉదయం ఆరున్నరకు ఒపెరా ఎదుట నిలబడండి. 1857లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ కోటగోడలను పడగొట్టించి, వాటి స్థానంలో ఈ విశాలమైన రింగ్ వీధిని వేయించాడు. పొడవు సుమారు 5.3 కిలోమీటర్లు. ట్రాములో చుట్టి రావచ్చు గానీ నడవండి. ఆ వేళ పాదచారులు ఉండరు, రోడ్డు ఊడ్చే బండ్లు తప్ప చప్పుడు ఉండదు. ఒపెరాను వెనక వదిలి పడమరగా వెళితే ముందు మొజార్ట్ విగ్రహమున్న తోట, తర్వాత ఎదురెదురుగా ఒకే రూపంలో ఉన్న రెండు మ్యూజియం భవనాలు, పార్లమెంటు, రాతి గోపురాల నగర సభాభవనం, విశ్వవిద్యాలయం వరుసగా వస్తాయి. ఉత్తరాన డాన్యూబ్ కాలువ గట్టు పట్టుకుని తిరిగితే స్టాట్‌పార్క్, దానిలో బంగారు పూతతో వయొలిన్ పట్టుకున్న యోహాన్ స్ట్రాస్ విగ్రహం. అక్కడ కాసేపు కూర్చుని మళ్లీ ఒపెరా దగ్గరికి చేరేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. కాళ్లు లాగుతుంటాయి, ఆకలి మొదలవుతుంది. ఈ కేకుకు పేరుపడ్డ హోటల్ సాఖర్ ఒపెరా వెనకే ఉంది. పదకొండు దాటాక వీధి దాకా సాగే వరుస ఈ వేళ ఉండదు.

లోపల సీటు చూపించేదాకా ఆగండి. ఎర్రటి గోడలు, పాలరాతి బల్లలు. కోటును గార్డెరోబ్‌లో, అంటే కోట్లు భద్రపరిచే చోట ఇవ్వమంటారు, దానికి చిన్న రుసుము ఉంటుంది. కేకు ముక్క ధర పది యూరోలకు అటూ ఇటూ, మన డబ్బులో వెయ్యి రూపాయల చేరువ. ఈ మొత్తాన్ని కేకు ముక్క ధర అనుకుంటే గుండె గుభేలుమంటుంది. ఆ బల్ల దగ్గర మీకు దొరికే గంట సమయం, వెచ్చదనం, మంచినీళ్లు అన్నీ దానిలోనే ఉన్నాయి. కాఫీహౌస్‌లో ఒక్క కాఫీ తీసుకుని పూటంతా కూర్చున్నా లేవమనని ఊరు అది. మీరు అడిగేదాకా బిల్లు కూడా తీసుకురారు. సాఖర్‌లో బయట జనం వేచి ఉంటారు కాబట్టి పూటంతా కూర్చోలేం, కానీ తొందరపడి లేవనక్కర్లేదు.

ఏ కాఫీ? "కాఫీ" అని మాత్రం చెబితే "ఏది?" అని తిరిగి అడుగుతారు. మెలాంజ్ అంటే కాఫీ, నురుగు పాలు కలిసినది, మన నాలుకకు దగ్గరిది. గ్రోసర్ బ్రౌనర్ అంటే చిక్కటి డికాషన్, పక్కన చిన్న గిన్నెలో పాలు. ఫిల్టర్ కాఫీ అలవాటున్నవారికి నేను చెప్పేది ఇదే, పాలు మన ఇష్టం కొద్దీ కలుపుకోవచ్చు. గాజు గ్లాసులో పైన క్రీమ్ గుట్టతో వచ్చే ఐన్‌ష్పేనర్ చూడటానికి అందంగా ఉంటుంది. సాఖర్ టోర్టెతో అది వద్దు, కేకు పక్కన ఎలాగూ క్రీమ్ వస్తుంది.

ఇక కేకు. మొదటి ముక్క క్రీమ్ లేకుండా, మొనవైపు నుంచి, పైపూత నుంచి అడుగు దాకా ఫోర్కుతో నిలువుగా కోసి తినండి. ముందు పైనున్న చాక్లెట్ పూత పళ్లకింద సన్నగా విరుగుతుంది. మామూలు కేకుల మీది గనాష్‌లా, అంటే క్రీమ్ కలిపిన చాక్లెట్ పూతలా మెత్తగా జారదు. కారణం అది పాకం కాబట్టి. పంచదార, నీళ్లు తీగపాకం వచ్చేదాకా మరిగించి, చాక్లెట్ కలిపి, గరిటెతో రుద్దుతూ సన్నటి పలుకు కట్టడం మొదలైన క్షణంలో ఒక్క ధారగా కేకు మీద పోస్తారు. ఒక్కసారి పోశాక మళ్లీ సవరించడానికి వీలుండదు, గరిటె గీత పడితే అలాగే గట్టిపడుతుంది. పాకం పట్టడం తెలిసిన మనవాళ్లకు ఆ సన్నటి పలుకు నాలుకకు తగలగానే దాని వెనక ఉన్న చేతి పని తెలిసిపోతుంది. ఆ అద్దంలాంటి పూతను చూసి నేను చాలాసేపు ఫోర్కు పెట్టలేదు.

తర్వాత ఆప్రికాట్ జామ్ పులుపు, ఆ తర్వాత కేకు. కేకు భాగం సాంద్రంగా, కొంచెం పొడిగా ఉంటుంది. ఇది లోపం కాదు. పాత పద్ధతిలో బేకింగ్ పౌడర్ ఉండదు. వెన్న, చాక్లెట్, గుడ్డు సొనలు కలిపి గిలకొట్టి, విడిగా నురుగు చేసిన తెల్లసొనను, పిండిని దానిలో మెల్లగా కలుపుతారు. పొంగు మొత్తం ఆ తెల్లసొన నురుగు మీదే ఆధారపడుతుంది. పంచదార పాకం చల్లే అలవాటు కూడా లేదు. మన బేకరీల్లో ఇప్పుడు నోట్లో పెడితే కరిగిపోయే తడి కేకులే మంచి కేకులని ఒక నమ్మకం పెరిగింది. నాకు అది నచ్చదు. నమలవలసిన కేకు రుచిని నోటిలో ఎక్కువసేపు ఉంచుతుంది.

రెండో ముక్క నుంచి క్రీమ్‌తో తినండి. అక్కడ దాన్ని ష్లాగోబర్స్ అంటారు. చక్కెర వేయరు, అదే దాని గొప్పతనం. పూతలోని తీపిని ఆ చప్పటి పాల రుచి తగ్గిస్తుంది, కేకులోని పొడితనానికి తడి ఇస్తుంది. ఒక్కో ముక్కకు సమానంగా సరిపోయేలా వేసుకోండి, చివరి ముక్క దాకా మిగలాలి. హైదరాబాదు పెళ్లి విందుల్లో ఖుబానీ కా మీఠా మీద తీపిలేని మీగడ వేసుకుని తిన్నవారికి ఈ జోడీ కొత్తగా అనిపించదు. ఆప్రికాట్ పులుపును, మీగడను అక్కడా ఇక్కడా ఒకే లెక్కతో కలిపారు.

కేకు చల్లగా తగిలితే ఫ్రిజ్‌లో పెట్టారన్నమాట. సాఖర్ టోర్టెను గది వేడిలోనే వడ్డించాలి. చిన్న హోటళ్లలో ఆ పేరుతో అమ్మే కేకులు చాలావాటికి ఈ సమస్య ఉంది. వాటిని బట్టి అసలు కేకు ఎలా ఉంటుందో నిర్ణయించవద్దు.

మరో ఉదయం: గోపురం, ఆపైన డేమెల్

సాఖర్ హోటల్ నుంచి, ఇదే కేకును తనదైన పద్ధతిలో చేసి అమ్మే డేమెల్ మిఠాయి శాల దాకా పది నిమిషాల నడక. ఒకే రోజు రెండూ తిని పోల్చి చూడాలనిపిస్తుంది. వద్దు. రెండో ముక్కకు నాలుక మొద్దుబారుతుంది, రెండో చోటుకు అన్యాయం జరుగుతుంది. ఒక రాత్రి గడవనివ్వండి.

ఆ ఉదయం స్టెఫాన్స్‌డోమ్ చర్చి దక్షిణ గోపురం ఎక్కండి. ఎత్తు 136 మీటర్లు, సందర్శకులు ఎక్కేవి 343 మెట్లు. సన్నటి మురి మెట్లు, ఎదురుగా దిగేవాళ్లు వస్తే ఒకరు గోడకు ఆనుకోవాలి. పైనుంచి రంగు పెంకుల కప్పు, దాని చుట్టూ నిన్న మీరు నడిచిన రింగ్ మొత్తం కనిపిస్తాయి. దిగి గ్రాబెన్ వీధిలో పడమరగా నడిస్తే ప్లేగు వ్యాధి గుర్తుగా 1693లో పూర్తయిన పాలరాతి స్తంభం, వీధి చివర ఎడమకు తిరిగితే కోల్‌మార్క్ట్. 14వ నంబరు డేమెల్. 1786లో మొదలైన సంస్థ, రాజప్రాసాదానికి మిఠాయిలు సరఫరా చేసేది. ప్రాసాదం ద్వారం వీధి చివరే ఉంది. తెరిచే వేళకు వెళితే పై అంతస్తులో కిటికీ పక్కన చోటు దొరుకుతుంది. బయట కిటికీ దగ్గర కనిపించే వరుస చాలాసార్లు వేడి కైజర్‌ష్‌మార్న్ (ముక్కలు చేసిన తీపి పాన్‌కేక్) పొట్లం కొనేవారిది. కూర్చుని తినేవారు లోపలికి వెళ్లి అడగాలి.

కింది అంతస్తులో గాజు గోడ వెనక వంటశాల ఉంది. పనివాళ్ల చేతులు చూడవచ్చు. కేకులు చేసేవారెవరైనా ఇక్కడ తినడానికన్నా ఎక్కువసేపు చూడటానికే కేటాయించండి. పిండిని ఎంత మెల్లగా కలుపుతారో, గరిటెను ఎప్పుడు ఆపుతారో గమనించండి. ఏ వీడియోలోనూ నేను ఇంత నేర్చుకోలేదు.

ఇక్కడి కేకుకు, సాఖర్ కేకుకు తేడా తెలియాలంటే కొంచెం పాత కథ తెలియాలి. 1832లో ఆస్ట్రియా ఛాన్సలర్ మెటర్నిహ్ విందుకు కొత్త మిఠాయి అడిగితే, పెద్ద వంటవాడు జబ్బుపడటంతో 16 ఏళ్ల శిష్యుడు ఫ్రాంజ్ సాఖర్ ఈ కేకు చేశాడని చెప్పుకుంటారు. ఆయన కొడుకు ఎడ్వర్డ్ డేమెల్‌లో పని నేర్చుకుని, 1876లో సొంత హోటల్ పెట్టాడు. 1892లో ఆయన పోయాక భార్య అన్నా దశాబ్దాల పాటు ఆ హోటల్‌ను నడిపింది. చేతిలో సిగార్, కాళ్ల దగ్గర బుల్‌డాగ్‌లతో ఉండే ఆమె ఫొటోలు ఇప్పటికీ ప్రసిద్ధం. 1930లలో సాఖర్ కుటుంబం చేతినుంచి హోటల్ జారిపోయింది, ఫ్రాంజ్ మనవడు, తండ్రి పేరే ఉన్న ఎడ్వర్డ్ కేకు హక్కుతో డేమెల్‌కు వెళ్లాడు. హోటల్ కొత్త యజమానులూ అదే కేకును అసలైనదని అమ్మడం మొదలుపెట్టారు. అసలైనది ఎవరిది? 1954లో గొడవ కోర్టుకెక్కింది. కేకును మధ్యకు కోసి జామ్ రాయాలా, పైపూత కింద మాత్రమే రాయాలా అన్నది కూడా విచారణకు వచ్చింది. అన్నా సాఖర్ బతికి ఉన్న రోజుల్లో కేకును మధ్యకు కోసేవారే కాదని రచయిత ఫ్రీడ్రిక్ టోర్‌బెర్గ్ సాక్ష్యం చెప్పాడు. చివరికి 1963లో రాజీ కుదిరింది. హోటల్‌ది "ఒరిజినల్ సాఖర్ టోర్టె", పైన గుండ్రటి చాక్లెట్ ముద్ర. డేమెల్‌ది "ఎడ్వర్డ్ సాఖర్ టోర్టె", పైన త్రికోణపు ముద్ర.

ఒక కేకులో జామ్ పొర ఎక్కడుండాలో తేల్చుకోవడానికి ఏళ్ల తరబడి కోర్టులో నిలబడిన ఊరంటే నాకు గౌరవం. తినే వస్తువును అంత పట్టించుకునేవాళ్లే దాన్ని ఇంతకాలం చెడిపోకుండా కాపాడతారు.

డేమెల్ ముక్కలో మధ్య గీత ఉండదు. జామ్ మొత్తం పూత కిందే ఉంది కాబట్టి పులుపు మొదట్లోనే గట్టిగా తగులుతుంది, తర్వాత కేకు ఒకే ముక్కగా, చాక్లెట్ రుచి అడ్డులేకుండా వస్తుంది. సాఖర్‌లో మధ్య పొర వల్ల ప్రతి ముక్కలోనూ పులుపు, తడి సమంగా ఉంటాయి. మొదటిసారి తినేవారికి, పొడి కేకంటే భయపడేవారికి సాఖర్. నా ఓటు డేమెల్‌కు. కేకు బాగా కాలిందో లేదో దాచుకోవడానికి మధ్యలో జామ్ లేని కేకు అది, చేసినవారి పనితనం మొత్తం బయటికి కనిపిస్తుంది.

గుడ్డు తిననివారికి

సాఖర్ టోర్టెలో గుడ్లు తప్పనిసరి, దాని పొంగే గుడ్డు. ఇందులో రాజీ లేదు. అయితే ఆ ఊళ్లో మీకు తీపి దొరకదని కాదు. ఆస్ట్రియాలో చాలా మెనూల మీద పదార్థాల పక్కన అక్షరాలు ఉంటాయి. ఎ అంటే గోధుమ వంటి గ్లూటెన్ ధాన్యాలు, సి అంటే గుడ్డు, జి అంటే పాలు, హెచ్ అంటే బాదం, వాల్‌నట్ వంటి గింజలు. సి లేనిది ఎంచుకోండి, అనుమానం ఉంటే "ఓనె ఐ?" అని అడగండి, గుడ్డు లేకుండానా అని అర్థం. ఆపిల్ స్ట్రూడెల్ పొరను పాత పద్ధతిలో పిండి, నీళ్లు, నూనెతోనే చేస్తారు, కొన్నిచోట్ల గుడ్డు వేస్తారు. మద్యం తగలకూడదనుకుంటే గులాబీ రంగు పూతతో మురిపించే పుంష్‌క్రాప్‌ఫెన్‌కు దూరంగా ఉండండి, దాని లోపల రమ్ ఉంటుంది. మూస్ తరహా మెత్తటి కేకుల్లో జంతు జెలటిన్ కలుస్తుంది, శాకాహారులు అదీ అడగాలి.

ఖర్చు లేని పూటలు

రెండు ఖరీదైన బల్లల మధ్య రోజులను తక్కువ ఖర్చుతో నింపుకోవడానికి వియన్నా చాలా మంచి ఊరు. షోన్‌బ్రున్ ప్రాసాదపు తోటలు ఉచితం, గ్లోరియెట్ గుట్ట ఎక్కితే ఊరంతా కనిపిస్తుంది. హైలిగెన్‌స్టాట్ నుంచి 38ఎ బస్సు కాలెన్‌బెర్గ్ కొండ మీదికి తీసుకెళుతుంది, మీ టికెట్టే సరిపోతుంది. నాష్‌మార్క్ట్ శనివారం ఉదయం చూడండి, ఆ రోజు పక్కనే పాత వస్తువుల సంత కూడా ఉంటుంది. శాకాహారులకు అక్కడి ఫలాఫెల్ చుట్టలు మధ్యాహ్న భోజనంగా నిండుగా సరిపోతాయి. సాయంత్రం ఒపెరాలో నిలబడి చూసే టికెట్లు సీట్ల ధరలతో పోలిస్తే చాలా చవక. రెయిలింగుకు మీ రుమాలు కడితే ఆ చోటు మీదే, మధ్యలో బయటికి వెళ్లి వచ్చినా ఎవరూ తీసుకోరు.

కాఫీహౌస్ అంటే ఏమిటో తెలియాలంటే గుంపెన్‌డోర్ఫర్ వీధిలోని కాఫె ష్పెర్ల్‌కు వెళ్లండి. 1880 నాటిది. బిలియర్డ్స్ బల్లలు, చెక్క పట్టీలకు బిగించిన పత్రికలు, అరిగిన సోఫాలు. అక్కడ నచ్చిన బల్ల మీరే చూసుకుని కూర్చోవచ్చు. రాత్రి వేళ కాఫె హవెల్కాలో వేడి బూఖ్‌టెల్న్, లోపల ప్లమ్ పళ్ల జామ్ పెట్టిన మెత్తటి బన్నులు, ఎనిమిది దాటాక వస్తాయి. వాన పడుతున్న రాత్రి అవి తింటుంటే సాఖర్ టోర్టె కాసేపు గుర్తురాదు.

లేచేటప్పుడు "ట్సాలెన్, బిట్టె" అంటే బిల్లు తెస్తారు. టిప్పుగా పదిశాతం లోపు కలిపి, మొత్తం ఎంత తీసుకోవాలో చెబుతూ డబ్బు ఇవ్వాలి. బల్ల మీద చిల్లర వదిలి వెళ్లడం అక్కడి పద్ధతి కాదు. కార్డు తీసుకోని పాత చోట్లు ఇంకా ఉన్నాయి, జేబులో కొంత నగదు ఉంచుకోండి.

జులై ఎందుకంటే

ఆ నెలలో వాఖావ్ లోయ ఆప్రికాట్లు పండుతాయి. వియన్నాకు పడమర డాన్యూబ్ నది వెంట ద్రాక్షతోటల నడుమ ఉన్న ఆ లోయ ఆప్రికాట్లకు ఐరోపాలో భౌగోళిక గుర్తింపు రక్షణ ఉంది. ఫ్రాంజ్ యోసెఫ్స్ బాన్‌హోఫ్ నుంచి క్రెమ్స్‌కు రైల్లో సుమారు గంట. అక్కడి నుంచి డ్యూర్న్‌స్టైన్ దాకా నది గట్టున నడవవచ్చు, దారిపొడవునా రైతులు బుట్టల్లో పెట్టి అమ్ముతుంటారు. బాగా పండినది చేతిలో రెండుగా విప్పితే గింజ తనంతట తానే విడిపోతుంది. ఆ పండు తిన్న తర్వాత మళ్లీ వియన్నా వచ్చి కేకు తినండి. ఇన్నాళ్లూ జామ్ అనుకున్నదానిలో పండు వాసన వేరుగా పట్టుబడుతుంది. వేడి వేడి మారిలెన్‌క్నోడెల్ కూడా ఆ నెలలోనే తాజా పండుతో చేస్తారు. పండును మెత్తటి పిండిలో చుట్టి ఉడికించి, వెన్నలో వేయించిన రొట్టె పొడిలో దొర్లించి ఇస్తారు. భోజనానికి బదులు అదే తినవచ్చు.

ఇంటికి తేవాలంటే

సాఖర్ దుకాణంలో పూర్తి కేకును చెక్కపెట్టెలో అమ్ముతారు, పలు పరిమాణాల్లో దొరుకుతుంది. సంచితో తిరిగేవారికి చిన్నదే మేలు. దాన్ని చివరి రోజునే కొనండి, చేతి సంచిలో అడ్డంగా, పైన బరువు లేకుండా పెట్టండి. క్రీమ్ లేని కేకు, పైనా పక్కలా జామ్, పాకం కప్పి ఉంటాయి కాబట్టి ప్రయాణానికి బాగా ఓర్చుకుంటుంది. దానికి నప్పే వేడి 16 నుంచి 18 డిగ్రీలు. విజయవాడ ఇళ్లలో డిసెంబరు తెల్లవారుజామున కూడా అంత చల్లగా ఉండటం అరుదు. ఎండాకాలమైతే ఏసీ గదిలో పెట్టె మూసి ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే బయటికి తీయగానే పూత మీద చెమట పట్టి మెరుపు పోతుంది. తప్పక ఫ్రిజ్‌లో పెట్టవలసి వస్తే గాలి చొరని డబ్బాలో పెట్టి, బయటికి తీశాక డబ్బా మూత తెరవకుండానే రెండు గంటలు ఉంచండి. తేమ డబ్బా మీద పడుతుంది, కేకు మీద పడదు.

కోసేటప్పుడు పల్చటి చాకును వేడినీటిలో ముంచి, తుడిచి, ఒక్క ఒత్తుతో కోయండి. ప్రతి ముక్కకూ మళ్లీ ముంచాలి, లేకపోతే పూత పగులుతుంది. క్రీమ్ విషయంలో మన బజారులో జాగ్రత్త. కేకుల మీద వాడే విప్పింగ్ క్రీమ్ చాలావరకు వనస్పతి కొవ్వుతో, ముందే తీపి కలిపి వస్తుంది, ఈ కేకుకు అది పనికిరాదు. అట్టపెట్టెల్లో దొరికే తాజా క్రీమ్‌లో కొవ్వు 25 శాతం దగ్గర ఉంటుంది, గిలకొట్టినా నిలబడదు. పాల కొవ్వు 35 శాతం ఉన్న క్రీమ్ పెద్ద దుకాణాల్లో దొరుకుతుంది, గిన్నెను, క్రీమ్‌ను బాగా చల్లబరిచి, చక్కెర వేయకుండా, మెత్తటి మడతలు పడేదాకా మాత్రమే గిలకొట్టండి. అదీ దొరకకపోతే చిక్కటి పాల మీద కట్టిన మీగడనే చల్లగా పక్కన వేసి ఇవ్వండి.